మొగపాలెం పంపకం

"ఓడ రాలేదు" అనే మాట నా ఉద్యోగంలో చాలాసార్లు విన్నాను. విన్నాక కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. రిటైరై ఇన్నేళ్ళయినా ఇప్పటికీ అంతే. రైలు గేటు దగ్గర ఆగితే చాలు, గూడ్సు బండికి ట్యాంకు వ్యాగన్లు ఎన్ని తగిలించారో లెక్కపెడతాను. "ఇంకా ఎవరికి చెప్పాలని ఆ లెక్క?" అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా పెదాలు కదులుతూనే ఉంటాయి.

ఈమధ్య సరఫరా శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు మా ఇంటికి వచ్చారు. "దేశానికి చమురు రావడం ఆగిపోతే ఏం చెయ్యాలో ముందే ఎలా ఆలోచించి పెడతారు సార్?" అని అడిగారు. నోటితో చెప్పింది నాకే తృప్తిగా లేక ఇది రాస్తున్నాను. ఎప్పుడు ఏ ప్రమోషను వచ్చిందో ఇందులో ఉండదు. ఏ ఫైలు ఏ బల్ల మీదికి పోవాలో మీకు గుమాస్తాలు నేర్పుతారు. నేను తప్పు చేసిన చోట్లు మాత్రం వాళ్ళు చెప్పరు, ఎందుకంటే వాటిలో ముఖ్యమైనది కాగితం మీద తప్పుగా లేదు. మెచ్చుకోలుగా ఉంది.

ఎన్నాళ్ళకుంది?

అరవైల మొదట్లో నేను కావలి తాలూకాలో సరఫరా చూసేవాణ్ణి. అప్పట్లో పల్లెల్లో కరెంటు తక్కువ. చమురంటే దీపాలకు కిరసనాయిలు, పొలాల్లో నీళ్ళు తోడే ఇంజన్లకు క్రూడాయిలు, నాలుగు బస్సులకూ లారీలకూ డీజిలు. అంతా మద్రాసు రేవులో ఓడ దిగి, ట్యాంకు వ్యాగన్లలో కావలి స్టేషనుకు వచ్చి, డిపోలో డ్రమ్ములకెక్కి, ఎద్దుల బండ్ల మీద ఊళ్ళకు పోయేది. ఇందులో ఏ ఒక్క ముడి ఊడినా చివర ఉన్నవాడి ఇంట్లో దీపం ఆరుతుంది.

నాకు ఈ పని నేర్పినది నెల్లూరులో మా పైఅధికారి సదాశివరావు గారు. బక్కపలచటి మనిషి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. చైనాతో యుద్ధం అప్పుడే ఆగింది. బయటి నుంచి ఓడలు ఆగిపోతే ఒక్కొక్క తాలూకా ఎన్నాళ్ళు నెట్టుకురాగలదో తేల్చి చెప్పమని పైనుంచి తాఖీదు వచ్చింది. ఆయన నన్ను పిలిపించారు.

"మీ కావలికి ఎన్నాళ్ళకుంది?"

"ఇరవై రోజులకు ఉందండీ."

"డిపోకి పోయి చూశావా?"

"రిజిస్టరు చూశానండీ."

"రిజిస్టరు తెప్పించుకుంటే నేనూ చూస్తాను. ఇక నువ్వు కావలిలో ఉండడం దేనికి?"

మర్నాడు పొద్దున్నే డిపోకు పోయాను. అక్కడ మస్తాన్ అని పాత మనిషి ఉండేవాడు. నిచ్చెనెక్కి ట్యాంకులో కొలకర్ర దించి, తడి ఎంతవరకు అంటిందో చూసి చెప్పడం అతని పని. నేను లెక్క చెప్పగానే నవ్వాడు.

"కర్రకు తడి అంటినంతా నూనే సార్, కాదనను. అయితే కుళాయి యాడుండాదో వంగి చూడండి."

కుళాయి ట్యాంకు అడుక్కి జానెడు పైన ఉంది. ఆ జానెడులో ఉన్నది ఎప్పటికీ బయటికి రాదు.

"తోడితే రాదా?" అన్నాను.

"వస్తాది. అడుగున నీళ్ళు, మడ్డి. దీపంలో పోస్తే చిటపటలాడి ఆరిపోతాది. ఇంగోటి సార్, మీరు రాసుకున్న రెండు వ్యాగన్లు ఇంకా గూడూరు యార్డులోనే నిలబడుండాయి."

ఇరవై రోజులు పన్నెండయ్యాయి. నెల్లూరు పోయి చెప్పాను. సదాశివరావు గారు తిట్టలేదు, పొగడలేదు. "కర్ర దించకుండా ఇంకెప్పుడూ మాట్లాడకు" అన్నారు. బుద్ధిగా తలూపాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం గుర్తుపెట్టుకోలేదు.

అడిగితే దాక్కునే నూనె

తర్వాత ఊళ్ళ మీద పడ్డాను. బోగోలు వైపు వరి రైతుల దగ్గర ఇంజన్లకు క్రూడాయిలు ఎంత నిల్వ ఉందో రాసుకు రమ్మన్నారు. ఏ ఇంటికి పోయినా "చుక్క లేదు సార్" అనే జవాబు. మూడో రోజుకు కావలిలో క్రూడాయిలు నిజంగానే దొరకలేదు. నాకు అంతు చిక్కలేదు. ఊళ్ళలో లేదు, కావలిలో లేదు, మరి ఏమైనట్టు?

వెంకురెడ్డి గారని బోగోలు దగ్గర పెద్ద రైతు. ఎండకు తాళలేక ఆయన దొడ్లో గడ్డివామికి ఆనుకుని నిలబడ్డాను. వీపుకు ఏదో గట్టిగా తగిలింది. గడ్డి తప్పిస్తే లోపల డ్రమ్ము. దాని వెనక ఇంకోటి.

"ఏందండీ వెంకురెడ్డిగారూ, మీ వామిలో ఇనుము పండిందా?"

ఆయన ఏమాత్రం సిగ్గుపడలేదు. మజ్జిగ తెప్పించి, నా పక్కనే మంచమ్మీద కూర్చున్నాడు.

"మీరొచ్చి ఎంతుండాదని అడిగితిరి. దొరికేదాన్ని గురించి సర్కారోళ్ళు ఎందుకడుగుతారు సార్? రేపట్నించీ దొరకదు గాబోలనుకున్న్యాం. తెచ్చి పెట్టుకున్న్యాం. పైరు ఎండితే మీరేమన్నా నీళ్ళు పోస్తారా?"

నాకు కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. కావలికి తిరిగి వస్తూ బస్సులో మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి నా మీద. కరువుకు సిద్ధం చేద్దామని పోయి కరువు తెచ్చిపెట్టాను. అప్పట్నుంచీ ఎవరినీ "ఎంతుంది" అని అడగడం మానేశాను. ఎన్నెకరాలు, ఎన్ని తడులు, ఇంజను ఎంత తాగుతుంది అని మాటల మధ్య తెలుసుకుని నేనే లెక్క కట్టుకునేవాణ్ణి. ఈ సంగతి మీరు కొత్తలోనే నేర్చుకుంటే కొన్ని ఊళ్ళు సుఖపడతాయి.

పరీక్ష నెల

ఆ తర్వాత సంవత్సరం కార్తీకంలో సదాశివరావు గారికి ఒక ఆలోచన వచ్చింది. నూనె సగానికి పడిపోతే జనం ఎలా బతుకుతారో కాగితం మీద ఊహించడం కంటే, ఒక నెల నిజంగా సగమిచ్చి చూస్తే పోదా అని. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. తాలూకాకు మూడు ఊళ్ళు ఎంచమన్నారు. నేను ఎంచిన మూడింటిలో ఒకటి సముద్రపు ఒడ్డున ఉన్న మొగపాలెం.

చిన్న ఊరు. చేపలు పట్టేవాళ్ళే అందరూ. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు వేసి ఉంటుంది. వాటి మధ్య సన్నటి సందు. తెప్పలు ఆ సందులోంచి పోవాలి, ఆ సందులోంచే రావాలి. ఊరి పెద్ద పోలయ్య. యాభై దాటిన మనిషి, మాట మెల్లగా ఉండేది. ఊరందరినీ పిలిచి, రేషను కార్డుకు ఇంత, నెలకు ఇంత అని చెప్పాను. పోలయ్య అంతా విని "సరే సార్, మేం పంచుకుంటాంలే" అన్నాడు. ఆ మాట నా చెవిని తాకి కింద పడిపోయింది.

పది రోజుల తర్వాత పగటిపూట తనిఖీకి పోయాను. కార్డులన్నిటి మీదా నూనె తీసుకున్నట్టు గుర్తులున్నాయి. ఇళ్ళలో చూస్తే డబ్బాలు ఖాళీ. ఒక ఇంట్లో ఖాళీ, రెండో ఇంట్లో ఖాళీ, ఏడో ఇంట్లోనూ ఖాళీ. నాకు రక్తం పొంగింది. వలలు దాచే పాకలో చూస్తే మూలన ఒక డ్రమ్ము, అందులో నూనె. అది పోలయ్య పాక.

బ్లాకులో అమ్మేస్తున్నాడని నేను అప్పుడే తేల్చేశాను.

పోలయ్య చేతులు కట్టుకుని చెప్పాడు. "అమ్ముకునేదానికి కాదు సార్. ఇది పంపకం. చేపలెట్ట పంచుతామో ఇదీ అట్టనే. తెప్పకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. సముద్రం మీదికి పోయేవోడు లేని ఇంటికి అర వాటా. ఒడ్డు మీద దీపానికి ఒక వాటా. రోజూ సందేళ ఈడ కొలిచి పోస్తాం."

"దీపానికి వాటా ఏమిటి? దానికి కార్డుందా?"

"లేదు సార్. దీపానికి కార్డెవురిస్తారు?"

పక్కన ఆదెమ్మ అని ఒక మనిషి నిలబడి ఉంది. మొగుడు సముద్రంలో పోయిన మనిషి. తెప్పలన్నీ చేరేదాకా మొగ దగ్గర లాంతరు పట్టుకుని కూర్చోవడం ఆమె పని. ఆ పనికి ఊరు ఆమెకు ఒక వాటా ఇస్తుంది. ఆమె ఏదో చెప్పబోయింది. చెయ్యెత్తి ఆపాను.

డ్రమ్ము జప్తు చేసి కావలికి పంపాను. మిగిలిన రోజులకని డిపో నుంచి కార్డు లెక్కన ఇంటింటికీ విడిగా నూనె పోయించాను. పోలయ్య మీద కేసు రాశాను. అక్కడితో ఆగానా? ఊరందరికీ వినపడేలా ఇంకో మాట చెప్పాను. "ఇక మీదట ఎవరి కార్డు నూనె వాళ్ళ ఇంట్లోనే ఉండాలి. ఒకరి నూనె ఇంకొకరి ఇంట్లో కనపడిందా, ఇద్దరి మీదా కేసు." ఈ మాట ఏ రూల్లోనూ లేదు. నేను పుట్టించిందే.

రిపోర్టులో "మళ్ళింపు" అని, అంటే కార్డు నూనె బ్లాకుకు పోతోందని రాశాను. సరిగ్గా నాలుగో రోజుకు నెల్లూరు నుంచి నన్ను మెచ్చుకుంటూ కాగితం వచ్చింది. మా ఆవిడకు చదివి వినిపించాను. ఆ పూట పాయసం చేసింది.

ఎనిమిదో రోజున ముసురు పట్టింది. పొద్దు గుంకకముందే సముద్రం నల్లగా కమ్ముకుంది. ఆదెమ్మది ఒంటిమనిషి కార్డు, దానిమీద ఇచ్చిన నూనె రెండు రోజుల ముందే అయిపోయింది. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ పొయ్యలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళై కాదు. నేను కేసు పెడతానన్నానని. చివరికి ఎండుతాటాకులు ముట్టించి ఊపిందట. వానకు అవి నిలవలేదు. వెనకబడ్డ తెప్ప ఒకటి సందు తప్పి ఇసుక మేటకు కొట్టుకుంది. కట్లు తెగి దుంగలు విడిపోయాయి. ముగ్గురూ ఒడ్డుకు చేరారు. పోలయ్య తమ్ముడు చిన్నయ్య కుడిచెయ్యి మాత్రం రెండు దుంగల మధ్య నలిగిపోయింది. నెల్లూరు ఆస్పత్రిలో మణికట్టు దాకా తీసేశారు.

నేను ఆస్పత్రికి పోయాను. వార్డు గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చేశాను. లోపలికి పోయుంటే ఏం మాట్లాడేవాణ్ణో నాకు తెలియదు. గుమ్మం దగ్గర ఆగిపోయినందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

మస్తాన్ కర్ర

సదాశివరావు గారు తెప్ప సంగతి తెలిసిన మర్నాడే కావలికి దిగారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"డ్రమ్ము కొలిచావా?"

జప్తు కాగితం తీసి బల్ల మీద పెట్టాను.

"బ్లాకులో అమ్మేవాడి డ్రమ్ములో నూనె తగ్గాలి. ఎంత తగ్గిందో చూశావా?"

చూడలేదు. ముందు ఏడాది జానెడు నూనె గురించి అంత పాఠం నేర్చుకున్న మనిషిని, మొగపాలెంలో ఒక చిన్న కర్ర దించి చూడాలని నాకు తోచలేదు. ఎందుకు తోచలేదో కూడా చెబుతాను. ఆ డ్రమ్ము చూడగానే నాకు కావలసిన జవాబు దొరికిపోయింది. దొరికాక ఇంకెవరు కొలుస్తారు?

మస్తాన్‌ని పిలిచారు. అతను కర్ర దించి, తుడిచి, మళ్ళీ దించి చూశాడు. ఊరందరి కార్డుల మీదా ఇచ్చినదెంత, పది రోజులకు ఖర్చెంత, మిగలవలసినదెంత అని లెక్క వేసుకుని చూస్తే, మిగలవలసిన దానికంటే డ్రమ్ములో ఎక్కువే ఉంది. విడివిడిగా వెలిగించుకుంటే నెలకు చాలనిది, కలిపి పంచుకుంటే మిగులుతోంది. రెండిళ్ళకు ఒక దీపం, సముద్రం మీద ఉన్న రోజు ఇంట్లో దీపం లేదు, ఇంట్లో ఉన్న రోజు తెప్ప మీద లాంతరు లేదు. మేం నెల్లూరు, కావలి ఆఫీసుల్లో మూడు నెలలుగా బుర్రలు బద్దలు కొట్టుకుని వెతుకుతున్నది మొగపాలెంలో వాళ్ళు రోజూ చేస్తున్నారు. నేను దాన్ని పట్టుకుని కేసు పెట్టాను.

కేసు తీసేశారు. డ్రమ్ము తిరిగి పంపించారు. మెచ్చుకోలు కాగితం సంగతి నేనే అడిగాను. సదాశివరావు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. "అది వెనక్కి పిలిస్తే ఎందుకని అడుగుతారు. చెబితే ఈ పరీక్షలన్నీ మానిపిస్తారు. ఉండనీ."

నేను ఉండనిచ్చాను. ఆయన నాకు దేవుడిలాంటి మనిషి. అయినా ఆ పూట ఆయన చేసింది తప్పే, నేను ఒప్పుకోవడం అంతకంటే తప్పు. మరుసటి ఏడాది నన్ను నెల్లూరులో చమురు ప్లాను రాసే సెక్షనుకు తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో తెలుసా? ఆ కాగితం చూసి. నా తర్వాతి ఉద్యోగమంతా ఆ జప్తు డ్రమ్ము మీదే నిలబడింది.

ఉమ్మడి వాటా

నెల్లూరులో మేం రాసిన ప్లానులో ఒక వాక్యం నేను చేర్చాను. నూనె తగ్గినప్పుడు ముందుగా ప్రతి ఊరికీ ఒక ఉమ్మడి వాటా తీసి, మిగిలిందే కార్డులకు పంచాలి అని. ఒడ్డు మీద దీపం, మంత్రసాని లాంతరు, రాత్రిపూట కాలువ గట్టు కాసేవాడి బుడ్డి. ఇవి ఎవరి ఇంటివీ కావు, కాబట్టి ఏ కార్డులోనూ ఉండవు.

రాజధానిలో దాన్ని కొట్టేశారు. అక్కడొక పెద్ద గది, గోడ నిండా దేశపటం, దాని మీద రేవుల దగ్గర గుచ్చిన రంగు రంగుల సూదులు. ఓడ ఎక్కడ ఆగితే ఏ రేవుకు మళ్ళించాలో వాళ్ళకు కంఠతా వచ్చు. అందులో నిజంగా గట్టివాళ్ళు ఉన్నారు, తక్కువ చేసి మాట్లాడను. ఒకాయన మాత్రం నన్ను మర్యాదగానే అడిగాడు. "ఉమ్మడి వాటాకు సంతకం ఎవరు పెడతారు?" నేను పోలయ్య అనలేదు. పటంలో మొగపాలెం కోసం వెతుక్కుంటూ నిలబడ్డాను. అది అందులో లేదు.

రెండోసారి పంపాను, మళ్ళీ కొట్టేశారు. మూడోసారి ఎలా నిలిచిందో చెప్పాలంటే యుద్ధం వచ్చిన ఏడాదికి పోవాలి.

యుద్ధం వచ్చిన ఏడు

అరవైల నడుమ పడమటి సరిహద్దులో యుద్ధం మొదలైంది. మద్రాసుకు రావలసిన ఓడ ఒకటి వేరే రేవుకు మళ్ళింది, ఇంకొకటి ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. కావలి స్టేషనులో ట్యాంకు వ్యాగన్లు నిలిచే పట్టాలు ఖాళీగా మెరుస్తూ ఉండేవి. నేను నెల్లూరు నుంచి రోజు మార్చి రోజు వచ్చి ఆ పట్టాలు చూసి పోయేవాణ్ణి. అన్నం తినబుద్ధి కాదు, కూర్చోబుద్ధి కాదు. డిపో ముందు జనం డబ్బాలు వరసగా పెట్టి, తాము నీడకు పోయి కూర్చునేవాళ్ళు. డబ్బాల వరస స్టేషను రోడ్డు దాకా ఉండేది.

సదాశివరావు గారు పిలిచారు. "వచ్చే సోమవారం నుంచి తీరమంతా కార్డుకు సగం. నీ ఉమ్మడి వాటా గురించి పైన మళ్ళీ అడిగాను. ‘ఎలా పంచుతారో, ఎవరు కొలుస్తారో, ఎవరు సాక్షో స్పష్టంగా రాసి ఆదివారంలోగా పంపితే చూస్తాం’ అన్నారు. లేకపోతే సగమే. దీపాలకు ఏమీ ఉండదు."

తీరమంతా అన్నారు. అంటే ఎన్ని మొగలు, ఎన్ని ఆదెమ్మ లాంతర్లు. ముసురు రోజులు ఎంతో దూరంలో లేవు. మొగపాలెంలో నేను చేసింది ఈసారి ఆర్డరుగా అన్ని ఊళ్ళకూ పోతుంది. ఆపాలంటే ఆ పంపకం నేను కళ్ళారా చూసి రాయాలి. దాన్ని చూపించగలిగింది ఒక్క ఊరే. ఆ ఊరికి నేను రెండేళ్ళుగా పోలేదు.

మధ్యాహ్నం మూడింటికి పోయాను. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ వంచుకున్నారు. పోలయ్య పాక ముందు కూర్చుని ఉన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"డ్రమ్ము ఎత్తుకపోయేదానికి వచ్చినారా సార్?"

"కాదు పోలయ్యా. మీ పంపకం ఎట్లా చేస్తారో చెబితే రాసుకుంటాను."

"పోయినసారి చెప్పినాం గదా. మీరు రాసుకున్యారు గూడా. ఏం రాసుకున్యారో చదవండి, వింటాం."

ఆ పాత రిపోర్టు నకలు నా సంచిలోనే ఉంది. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. తీశాను. ఇసుకలో నిలబడి చదివాను. ఎవరి పాకలో డ్రమ్ము దొరికిందో, ఎన్ని ఇళ్ళలో డబ్బాలు ఖాళీగా ఉన్నాయో అంతా చదివాను. "మళ్ళింపు జరిగినట్టు రుజువైనది" అనే వాక్యం కూడా వదలకుండా చదివాను. తర్వాత, "ఇది తప్పు. నేను కొలవలేదు" అన్నాను. ఈ మాట అప్పటిదాకా నేను ఎవరి ముందూ పైకి అనలేదు.

వల వెనక నుంచి ఒక మనిషి లేచాడు. కుడిచేతికి మణికట్టు దగ్గర గుడ్డ చుట్టి ఉంది. చిన్నయ్య.

"పంచు అన్నా," అన్నాడు పోలయ్యతో. "చూడనీ. చూస్తేనే గదా రాసేది."

అందరూ కార్డుల నూనె తెచ్చి డ్రమ్ములో పోశారు. పోలయ్య పేర్లు పిలుస్తాడు. కొలిచి పోసేవాడు చిన్నయ్య. తెడ్డు పట్టలేని చేతికి ఊరిచ్చిన పని అది. సోలతో ముంచి ఎడమచేత్తో ఒక్క చుక్క ఒలకకుండా పోస్తున్నాడు. ప్రతి సోలా ఊరందరూ చూస్తుండగానే పడుతోంది. సాక్షి ఎవరని రాజధానిలో అడిగారే, ఊరే సాక్షి. తెప్పలకు పోశారు. మనుషులకు పోశారు. మగదిక్కు లేని ఇళ్ళకు పోశారు. చివరికి ఒడ్డు దీపానికి అని పిలిస్తే ఆదెమ్మ సీసా పట్టుకుని వచ్చింది. నేను మోకాళ్ళ మీద కాగితం పెట్టుకుని ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. ఆ కాగితమే ఆదివారం పైకి పోయింది. ఉమ్మడి వాటా అనే వాక్యం దానివల్లే ప్లానులో నిలిచింది, తర్వాత విదేశంలో ఓడలు వచ్చే కాలువ యుద్ధం వల్ల మూసుకుపోయి, అవి ఆలస్యమైన ఏడు కూడా పనికొచ్చింది.

అయిపోయిందనుకుని కాగితాలు సర్దుకుంటున్నాను. ఆదెమ్మ వెళ్ళలేదు. నా వైపు చూపించి పోలయ్యతో అంది.

"ఆయనకు పొయ్యలేదే?"

"ఆయనకేందే?" అన్నాడు పోలయ్య.

"నేను తెప్ప కోసరం కూసోనుంటా. ఆయప్ప ఓడ కోసరం కూసోనుండాడు. మొగం చూడు, తిండీ నిద్రా ఉన్నట్టుండాదా? ఒడ్డున కాసేవోళ్ళకు ఒక వాటా గదా మన కట్టుబాటు?"

ఎవరో నవ్వారు. పోలయ్య నవ్వలేదు. డ్రమ్ములో ఎంత మిగిలిందో వంగి చూశాడు. తర్వాత, "ఒడ్డు వాటా, ఇంకొకటి" అని పిలిచాడు, మిగతా పేర్లు పిలిచినట్టే.

వద్దని చెప్పాలి. సర్కారు ఉద్యోగి తనిఖీకి పోయిన ఊళ్ళో చుక్క నూనె పుచ్చుకున్నా లంచమే. ఈ సంగతి కొత్తగా చేరేవాళ్ళకు మొదటి రోజే చెప్పేవాణ్ణి నేను. చిన్నయ్య డ్రమ్ములో సోల ముంచాడు. ఎవరో ఖాళీ సీసా అందిస్తే దాన్ని చంకలో ఇరికించుకుని పోశాడు. మూత బిగించి నా ముందుకు వచ్చి ఒక్క క్షణం ఆగాడు.

"ఎడంచేత్తో ఇస్తాండా. ఏమనుకోబాకండి సార్," అన్నాడు.

అతను ఎత్తిపొడవలేదు. పెద్దమనిషికి ఎడమచేత్తో ఇవ్వాల్సి వచ్చినందుకు నిజంగానే నొచ్చుకుంటున్నాడు. నాకు కళ్ళు కనపడలేదు. రెండు చేతులూ చాచి తీసుకున్నాను.

నేను అన్నీ రాసే మనిషిని. ఎక్కడ ఎంత దిగింది, ఎవరికి ఎంత పోయింది, ఎంత మిగిలింది, అన్నీ రాశాను. ఆ సోలెడు నూనె ఒక్కటీ ఏ కాగితంలోనూ రాయలేదు. ఇదుగో, ఇక్కడ రాస్తున్నాను.